మావర్దీ గ్రంథానికి హైదరాబాదు వ్యాఖ్యానాలు: రాజనీతి అధ్యయనంలో సందర్భం ఎంతవరకు?

రాజనీతి గ్రంథాలను చదివేవారిలో రెండు తెగలవారు కనిపిస్తారు. మొదటి తెగవారు గ్రంథంలోని మాటను పట్టుకుని, అది ఎప్పుడు, ఎవరి కోసం, ఏ చిక్కులో ఉండి రాసినదో విచారించకుండా, నేటి వ్యవహారానికి తీర్పుగా ప్రకటిస్తారు. రెండవ తెగవారు ఆ గ్రంథం పుట్టిన కాలాన్ని ఎంతో శ్రద్ధగా తవ్వి చూసి, చివరకు "ఇదంతా ఆనాటి అవసరం కొద్దీ రాసినదే" అని పుస్తకం మూసివేస్తారు. మొదటివారికి సందర్భం అక్కరలేదు. రెండవవారికి సందర్భం తప్ప మరేమీ అక్కరలేదు. ఇమామ్ అబుల్ హసన్ అల్ మావర్దీ (రహ్మలై) రచించిన 'అల్ అహ్కాముస్సుల్తానియ్యా' ఈ ఇరువురి చేతిలోనూ నలిగిన గ్రంథం.

ఆ గ్రంథాన్ని అర్థం చేసుకోవడానికి మన హైదరాబాదుతో ముడిపడి రెండు ప్రసిద్ధ ప్రయత్నాలు జరిగాయి. ఒకటి, ఆంగ్లేయ అరబీ పండితుడు హెచ్.ఎ.ఆర్. గిబ్ మావర్దీ ఖిలాఫత్ సిద్ధాంతంపై రాసిన వ్యాసం. అది 1937లో హైదరాబాదు నుండి వెలువడే త్రైమాసిక పత్రిక 'ఇస్లామిక్ కల్చర్'లో అచ్చయింది. రెండవది, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర, రాజనీతి ఆచార్యుడైన హారూన్ ఖాన్ షేర్వానీ 1942లో ప్రకటించిన 'స్టడీస్ ఇన్ ముస్లిం పొలిటికల్ థాట్ అండ్ అడ్మినిస్ట్రేషన్'. రెండూ ఇంగ్లీషు రచనలే. ఈ రెండింటి గుణదోషాలను పరిశీలిస్తూ, సందర్భజ్ఞానం వల్ల రాజనీతి అధ్యయనానికి కలిగే మేలెంత, దానికి హద్దెక్కడ అన్నది తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. రచయిత ఎదుట ఏ ప్రశ్న నిలిచిందో సందర్భం చెప్పగలదు. అతడిచ్చిన సమాధానానికి మాత్రం బాధ్యత అతనిదే.

గ్రంథం పుట్టిన బాగ్దాదు

మావర్దీ హిజ్రీ 364లో (క్రీ.శ. 974) బస్రాలో జన్మించి, 450లో (1058) బాగ్దాదులో మరణించారు. షాఫియీ న్యాయవేత్త. చాలాకాలం ఖాజీగా పనిచేసి, ఖలీఫాలకూ బువైహీ అమీర్లకూ నడుమ రాయబారాలు నడిపారు. అంటే ఆయన గది తలుపులు మూసుకుని రాసిన పండితుడు కాదు. రెండు దర్బారుల గుమ్మాలు ఎక్కి దిగిన మనిషి.

945లో బువైహీలు బాగ్దాదును వశపరచుకున్నారు. వారు షియాలు. అయినా సున్నీ ఖలీఫాను తొలగించలేదు. ఖుత్బాలో ఆయన పేరు చదివించారు, నాణెంపై ఆయన పేరు వేయించారు, ఖజానాను, సైన్యాన్ని తమ దగ్గర ఉంచుకున్నారు. తూర్పున గజనీ మహమూదు వంటివారు కత్తితో రాజ్యాలు గెలుచుకుని, ఆ తర్వాత ఖలీఫా నుండి బిరుదులు తెప్పించుకున్నారు. ఖలీఫాకు అధికారం లేదు. అధికారం ఉన్నవారికి ధర్మసమ్మతి లేదు. మావర్దీ ఎదుట నిలిచిన ప్రశ్న ఇదే.

ఆయన గ్రంథంలో ఇరవై అధ్యాయాలున్నాయి. మొదటిది ఇమామత్ గురించి. ఇమామ్ కాదగినవానికి ఏడు అర్హతలు చెప్పారు: న్యాయశీలం, ఇజ్తిహాద్ చేయగల విద్య, ఇంద్రియాల ఆరోగ్యం, అవయవాల ఆరోగ్యం, వ్యవహార వివేకం, ధైర్యం, ఖురైష్ వంశం. తర్వాత వజీర్లు, అమీర్లు, ఖాజీలు, మజాలిం కచేరీ, జకాత్, ఖరాజ్, హిస్బా మొదలైనవి వస్తాయి. అమీర్ల అధ్యాయంలోనే అసలు ముడి ఉంది. అమీరు పదవి రెండు విధాలని ఆయన అంటారు. ఖలీఫా తన ఇష్టంతో ఇచ్చేది ఒకటి, బలవంతుడు ఆక్రమించుకున్నది మరొకటి. ఈ రెండవదాన్ని 'ఇమారతుల్ ఇస్తీలా' అన్నారు. ఆక్రమించినవాడు ఇమామత్ గౌరవాన్ని కాపాడి, షరీఅత్ ప్రకారం పన్నులు వసూలు చేసి, హుదూద్‌ను సక్రమంగా అమలు జరిపి, ధర్మరక్షణకు నిలబడితే, ఖలీఫా అతన్ని గుర్తించవచ్చునని తీర్పు చెప్పారు. మామూలు నియామకపు నియమాలకు ఇది భిన్నమేనని ఆయనే ఒప్పుకుంటారు. నెరవేర్చడం సాధ్యం కాని షరతులను అవసరం తొలగిస్తుందన్నది ఆయన వాదం.

గిబ్ చూపినదీ చూడనిదీ

గిబ్ వ్యాసం గొప్పతనం ఏమిటంటే, అంతవరకు చాలామంది పాశ్చాత్యులు ఈ గ్రంథాన్ని ఇస్లామీయ రాజ్యవ్యవస్థకు కాలాతీతమైన నిర్వచనంగా చదువుతుండగా, ఆయన దాన్ని ఒక కాలానికి చెందిన వాదనగా చదివారు. బువైహీల బలం సడలుతున్న రోజుల్లో అబ్బాసీ ఖలీఫాలు తమ హక్కులను తిరిగి నిలబెట్టుకునే ప్రయత్నంలో ఉన్నారనీ, ఆ ప్రయత్నానికి ధర్మశాస్త్ర బలం ఇవ్వడం గ్రంథకర్త ఉద్దేశమనీ చూపారు. ఈ మాట తెలిసిన తర్వాత ఇమారతుల్ ఇస్తీలా అధ్యాయం కొత్తగా కనిపిస్తుంది. అది ఆదర్శ వర్ణన కాదు, పగిలిన పాత్రకు వేసిన అతుకు అని తెలుస్తుంది. దౌర్జన్యంతో అధికారం గుంజుకున్న ఏ పాలకుడినైనా సమర్థించడానికి మావర్దీ పేరు వాడేవారికి ఈ ఒక్క వివరణ చాలు.

కాని గిబ్ ధోరణిలో ఒక జారుడు మెట్టు కూడా ఉంది. సున్నీ రాజనీతి సిద్ధాంతం జరిగిపోయిన చరిత్రకు తర్వాత కట్టిన సమర్థన మాత్రమేననీ, అవసరం పేరిట ధర్మసూత్రాన్ని ఒకసారి వంచాక ఇక దాని పతనం మొదలైనట్టేననీ ఆయన భావన. ఇది పూర్తిగా నిజమైతే, మావర్దీ స్థానంలో ఎవరున్నా అదే రాసి ఉండాలి. చరిత్ర అలా చెప్పడం లేదు.

హిజ్రీ 429లో (1038) బువైహీ అమీరు జలాలుద్దౌలా తనకు 'మలికుల్ ములూక్', అనగా రాజాధిరాజు, అన్న బిరుదు కావాలని కోరాడు. బాగ్దాదులోని కొందరు న్యాయవేత్తలు దానికి అనుమతి ఇచ్చారు. మావర్దీ ఇవ్వలేదు. ఆ బిరుదు అల్లాహ్‌కే చెల్లుతుందన్న ధర్మభావన ఆయన నిరాకరణకు మూలం. ఆయన జలాలుద్దౌలాకు సన్నిహితుడు. రోజూ దర్బారుకు వెళ్ళేవారు. ఫత్వా తర్వాత వెళ్ళడం మానుకున్నారు. అమీరు పిలిపించి, తనకింత సన్నిహితుడై ఉండి కూడా సత్యం కోసం ఎదురు చెప్పినందుకు ఆయన్ను గౌరవించినట్లు చరిత్రకారులు రాశారు. ఊరు ఒకటే, సంవత్సరం ఒకటే, భయపడవలసిన అమీరూ ఒకడే. కాని ఫత్వాలు రెండు.

మరొక సాక్ష్యం ఇంకా బలమైనది. మావర్దీకి సమకాలికుడు, బాగ్దాదువాసి, హంబలీ ఖాజీ అబూ యాలా అల్ ఫర్రా (మరణం హి. 458, క్రీ.శ. 1066). ఆయన కూడా 'అల్ అహ్కాముస్సుల్తానియ్యా' అన్న పేరుతోనే గ్రంథం రాశారు. రెండింటి కూర్పూ, పలుచోట్ల వాక్యాలూ చాలా దగ్గరగా ఉంటాయి. అయితే ఇమామత్ ఎలా ఏర్పడుతుందన్న మూల ప్రశ్న దగ్గర దారులు విడిపోతాయి. ఎన్నిక ద్వారా గాని, ముందున్న ఇమామ్ నిర్దేశం ద్వారా గాని అని మావర్దీ చెప్పి ఊరుకున్నారు. బలప్రయోగంతో గెలిచినవాని ఇమామత్ కూడా చెల్లుతుందన్న ఇమామ్ అహ్మద్ ఉల్లేఖనాన్ని అబూ యాలా తన గ్రంథంలో చేర్చారు. మావర్దీ ఆక్రమణను అమీరు పదవి దగ్గరే ఆపి, ఇమామత్ గడప దాటనివ్వలేదు. ఒకే సందర్భం నుండి వచ్చిన ఈ రెండు సమాధానాల మధ్య తేడాను సందర్భంతో వివరించలేము. దానికి మజ్‌హబ్‌ను, ఉసూల్‌ను, చివరకు మనిషిని చదవాలి.

మన విద్యాసంప్రదాయానికి ఇది కొత్త విషయం కాదు. ఆయతులు అవతరించిన సందర్భాలను సేకరించడానికి 'అస్బాబున్నుజూల్' అనే ప్రత్యేక విద్యే ఉంది. వాహిదీ (మరణం హి. 468) గ్రంథం అందుకు ప్రసిద్ధం. అదే సంప్రదాయంలో ఉసూల్ పండితులు మరొక నియమం కూడా నేర్పారు: నిర్ణయం సందర్భపు ప్రత్యేకతను బట్టి కాదు, పదం విస్తృతిని బట్టి ఉంటుందని. ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం 1350) కాలం, దేశం, పరిస్థితి మారితే ఫత్వా మారుతుందని రాశారు. కాని ధర్మం మారుతుందని రాయలేదు. సందర్భాన్ని తెలుసుకోవడం, సందర్భానికి లొంగిపోవడం వేరువేరని మదరసాలో చదివిన ఏ విద్యార్థికైనా తెలుసు. అదే విద్యార్థి విశ్వవిద్యాలయంలో రాజనీతి తరగతికి వెళ్ళగానే ఈ వివేకాన్ని బయట వదిలి వెళ్ళడం చూస్తుంటాం.

షేర్వానీ, ఆయన హైదరాబాదు

షేర్వానీ గ్రంథాన్ని అంచనా కట్టడానికి ముందు ఆయన పనిచేసిన వాతావరణం తెలియాలి. 1917 నాటి ఫర్మానాతో ఏర్పడి 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించింది. పాఠ్యగ్రంథాల కోసం మౌల్వీ అబ్దుల్ హఖ్ నాయకత్వంలో దారుల్ తర్జుమా పనిచేసింది. పరిభాష ఎలా కట్టాలన్న దానిపై ఆచార్య వహీదుద్దీన్ సలీం ఉర్దూలో ప్రత్యేక గ్రంథమే రాశారు. పాశ్చాత్య రాజనీతి పదాలకు ఉర్దూ పదాలు వెదికే ఆ పనిలో, మన పూర్వులకు ఈ శాస్త్రంలో వాటా ఉందా అన్న ప్రశ్న రోజూ ఎదురయ్యేది. ఆనాటి పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు గ్రీసు, రోము దాటి, క్రైస్తవ మధ్యయుగం మీదుగా నేరుగా ఆధునిక ఐరోపాకు చేరేవి. నడుమ ముస్లిం ప్రపంచం ఉన్నట్టే కనిపించేది కాదు.

బయటి రాజకీయాలు కూడా ఈ అధ్యయనానికి దూరంగా లేవు. 1924 మార్చిలో టర్కీ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. పదవీచ్యుతుడైన ఖలీఫా అబ్దుల్ మజీదుకు నిజాం భృతి ఏర్పాటు చేశారు. 1931లో ఖలీఫా కుమార్తె, ఆయన వంశపు మరొక రాకుమారి నిజాం కుమారులకు భార్యలయ్యారు. 1926లో వైస్రాయి లార్డ్ రీడింగ్, బ్రిటిషు చక్రవర్తి ఆధిపత్యం ముందు నిజాం సమానుడు కాడని లేఖ రాశాడు. పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది అన్న పరిస్థితి బాగ్దాదుకే పరిమితం కాదని హైదరాబాదు చదువరికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. గిబ్ వ్యాసం 1937లో ఇక్కడి పత్రికలో అచ్చయినప్పుడు దాన్ని చదివినవారికి మావర్దీ కేవలం ప్రాచీనుడు కాడు.

ఈ నేపథ్యంలో షేర్వానీ ఫారాబీ, మావర్దీ, నిజాముల్ ముల్క్, గజాలీ వంటివారిని ఒక్కొక్కరినీ వారి వారి కాలంలో నిలబెట్టి పరిచయం చేశారు. ఎగుడుదిగుడుగా ఉన్న దారిని చదును చేసిన తొలివారిలో ఒకరిగా ఆయన స్థానం చెక్కుచెదరనిది. అయితే ఆయనకు తన కాలపు తొందర ఒకటి ఉంది. మనవారి మాటకు ఐరోపాలో జోడీ చూపిస్తే గాని విలువ రాదన్న తొందర. అందుకే ఫారాబీలో పరస్పర హక్కుల త్యాగం ద్వారా సమాజం ఏర్పడుతుందన్న మాట కనిపించగానే ఆయనకు హాబ్స్ గుర్తుకువచ్చాడు. ఏడు శతాబ్దాల ముందే మన ఫారాబీ సామాజిక ఒప్పందాన్ని ఊహించాడన్న గర్వం చదువరికి కలుగుతుంది.

ఇక్కడ సందర్భం అన్న మాటకు మరొక అర్థం పనికి వస్తుంది: పుస్తకంలోనే ఆ మాట ఉన్న చోటు. ఫారాబీ 'ఆదర్శ నగరవాసుల అభిప్రాయాలు' చివరి భాగంలో 'జాహిలీ నగరాల' ప్రజల అభిప్రాయాలను వరుసగా చెబుతాడు. మనుషుల మధ్య పోరాటమే సహజమనీ, భయం వల్లనో అవసరం వల్లనో రాజీకి వస్తారనీ అనుకునేవారు ఆ వరుసలో ఉన్నారు. అవి ఆయన ఖండించదలచిన అభిప్రాయాలు. వాటిని ఆయన సిద్ధాంతంగా లెక్కించడం వాదికి ప్రతివాది మాటలు అంటగట్టడమే. చుట్టూ ఉన్న చరిత్రను ఎంతో జాగ్రత్తగా చూసే పండితుడు పేజీలోని చోటును చూడకపోవడానికి కారణం ఆయన అశ్రద్ధ కాదు. ఆయన కాలం ఆయనకు వేసిన ప్రశ్న అలాంటిది. కాని అదే కాలంలో, అదే ప్రశ్నకు వేరుగా సమాధానం చెప్పిన పనులు కూడా ఆ ప్రాంగణంలోనే జరిగాయి. ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం బోధించిన ముహమ్మద్ హమీదుల్లా, దైవప్రవక్త (సల్లం) మదీనాలో చేయించిన ఒడంబడికపై 1941లో ప్రకటించిన పరిశీలనలో, దాని పాఠాన్ని అంశాల వారీగా విడదీసి, ఏ తెగతో ఏ షరతు అన్నది మూలం నుండే చూపారు. దాన్ని ప్రపంచపు మొదటి లిఖిత రాజ్యాంగమని పిలవడంలో ఆ కాలపు గర్వం ఉన్నమాట నిజమే. కాని మూలపాఠం చదువరి చేతిలో ఉంది. అంగీకరించాలో లేదో అతడే తేల్చుకోగలడు.

కాచిగూడ చెప్పిన సమాధానం

పుస్తకాల సంగతి ఇలా ఉండగా, అదే ప్రశ్న 1948లో వీధిలోకి వచ్చింది. పాలకుడు ముస్లిం, ప్రజల్లో అత్యధికులు ముస్లిమేతరులు, చుట్టూ స్వతంత్ర భారతదేశం. ఇటువంటి రాజ్యంలో ముస్లిం కర్తవ్యమేమిటి? హమీదుల్లా ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన హైదరాబాదు ప్రతినిధివర్గంలో ఉన్నారు. ఆ తర్వాత తిరిగి రాక పారిస్‌లో స్థిరపడ్డారు. అదే విశ్వవిద్యాలయం పట్టభద్రుడైన షోయబుల్లా ఖాన్ 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక పెట్టి, హైదరాబాదు భారతదేశంలో చేరాలనీ, బాధ్యతాయుత ప్రభుత్వం రావాలనీ రాశాడు. రజాకార్లను ఉర్దూలోనే, ముస్లిం పాఠకుల ముందే విమర్శించాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి వస్తుండగా కాచిగూడలో రజాకార్లు దాడి చేసి, చేయి నరికి, కాల్చి చంపారు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

ఒకే ప్రాంగణం, ఒకే బోధనాభాష, ఒకే సంక్షోభం. సమాధానాలు మాత్రం వేరు. ఆనాటి హైదరాబాదు ముస్లింలు ఆ పరిస్థితుల్లో మరోలా ఆలోచించగలిగేవారు కాదని సానుభూతితో అనేవారున్నారు. వారంతా రజాకార్లేనని ద్వేషంతో అనేవారున్నారు. మొదటి మాట మనల్ని బాధ్యత నుండి తప్పిస్తుంది. రెండవది మనందరి నెత్తినా నేరం మోపుతుంది. సందర్భమే మనుషుల చేత ఆలోచింపజేస్తుందన్న ఒకే పొరపాటు రెండింటికీ మూలం. షోయబుల్లా ఖాన్ జీవితం, మరణం రెండింటినీ కాదంటున్నాయి.

సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న ముగిసింది. దాని వెంట జరిగిన హత్యలపై పండిత సుందర్‌లాల్ కమిటీ విచారించి, మృతుల సంఖ్యను 27 వేల నుండి 40 వేల మధ్య అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి ప్రజలకు అందలేదు. రాజనీతి అధ్యయనాన్ని సందర్భం మలిచే తీరులో ఇదొకటి. ఏమి చదవాలో చెప్పడమే కాదు, ఏది చదవడానికి దొరకకూడదో కూడా అదే నిర్ణయిస్తుంది. షోయబుల్లా ఖాన్ పేరు చెప్పి సుందర్‌లాల్ నివేదికను దాచినా, నివేదిక చూపి షోయబుల్లా ఖాన్‌ను మరచినా, ఆ చదువు సగం చదువే.

తెలుగులోకి వచ్చేటప్పుడు

1948 తర్వాత ఉస్మానియాలో బోధనాభాష ఉర్దూ నుండి ఇంగ్లీషుకు మారింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలు తెలుగులో రాసాగాయి. నేడు కాచిగూడలో బయలుదేరి, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ల మీదుగా తార్నాక వైపు చేరే విద్యార్థి ఒకే శాస్త్రానికి మూడు పేర్ల మీదుగా నడుస్తున్నాడు: సియాసియాత్, పొలిటికల్ సైన్స్, రాజనీతి శాస్త్రం. ఇవి ఒకదానికొకటి సరిసమానాలని అనువాదకునికి నమ్మకం కుదరదు. అరబీ 'సియాసత్'కు మూలం పశువును మచ్చిక చేసి నడిపించడం. గుర్రాలు చూసే సైసు ఆ ఇంటివాడే. 'రాజనీతి'లో మాత్రం రాజు కూర్చుని ఉన్నాడు. 'సార్వభౌమాధికారం'లో చక్రవర్తే ఉన్నాడు. మావర్దీ ఇమామ్‌కు ఈ మాట వాడితే, షరీఅత్‌కు లోబడి ఉన్న మనిషి తెలుగులో షరీఅత్‌కు పైవాడవుతాడు.

పరిచయమైన మాటలు మరింత మోసగిస్తాయి. మావర్దీ 'దీవాన్' అంటే సైనికుల జీతభత్యాల, రాబడి ఖర్చుల చిట్టా, దానిని నడిపే శాఖ. తెలుగువానికి 'దివాణం' అనగానే జమీందారు మేడ కనబడుతుంది. 'దౌలతు' మనకు సంపద. జలాలుద్దౌలా పేరులోనిది అబ్బాసీ ప్రభుత్వం. ఇక 'బైఅత్'ను ఓటు అనీ, 'అహ్లుల్ హల్లి వల్ అఖ్ద్'ను శాసనసభ అనీ అనువదించే అలవాటు ఒకటి పెరిగింది. ఎన్నుకునేవారు ఎందరుండాలన్న చోట మావర్దీ పలువురి అభిప్రాయాలు ఉదహరిస్తారు. అన్ని ప్రాంతాల పెద్దలూ కావాలన్నవారున్నారు, ఐదుగురు చాలునన్నవారున్నారు, ముగ్గురు చాలునన్నవారున్నారు, ఒక్కడు చాలునన్నవారు కూడా ఉన్నారు. ఓటు అన్న మాట పెట్టగానే ఈ వివాదమంతా చదువరికి హాస్యాస్పదంగానో, కల్పితంగానో తోస్తుంది. మంచి ఉద్దేశంతో చేసిన ఆధునికీకరణ మూలాన్ని పలచన చేసి, విమర్శకుడికి సులువైన లక్ష్యాన్ని ఇస్తుంది. ఫారాబీ పక్కన హాబ్స్‌ను కూర్చోబెట్టిన తొందర ఇక్కడ మరో వేషంలో వచ్చింది.

మావర్దీ గ్రంథాన్ని అరబీ మూలం నుండి తెలుగు చేయబూనేవారికి నాకు తోచిన సూచనలు ఇవి. బైఅత్, ఇమామత్, ఇస్తీలా వంటి మాటలను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట తెలుగులో విప్పి చెప్పాలి. ఇమామత్ అధ్యాయం పక్కన అబూ యాలా భిన్నంగా రాసిన భాగాన్ని అచ్చు వేయాలి. ఆ కాలంలోనే మరో సమాధానం ఉండేదని చదువరి కళ్ళతో చూడాలి. పీఠికలో బువైహీల కథతోపాటు 1038 నాటి బిరుదు వివాదం కూడా ఉండాలి. గిబ్, షేర్వానీలు చెప్పినది కూడా క్లుప్తంగా ఇచ్చి, వారు ఏ ఊరి పత్రికలో, ఏ విశ్వవిద్యాలయంలో, ఏ సంవత్సరాల్లో ఆ మాటలు రాశారో చెప్పాలి. అరబీ గ్రంథాలను 1888 నుండి పరిష్కరించి అచ్చువేస్తూ వచ్చిన దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. ఆ గ్రంథాలు చదవగలవారు తెలుగులో రాయరు, తెలుగులో రాయగలవారు వాటిని చదవరు అన్న స్థితి ఉన్నంతకాలం, మావర్దీ నినాదాల్లోనో నిందల్లోనో వినిపిస్తూ ఉంటాడు. రెండు భాషలూ వచ్చిన యువకులు మన మదరసాల్లో, కళాశాలల్లో లేకపోలేదు. ఈ పనిని మొదటి అధ్యాయంతోనైనా వారు మొదలుపెట్టాలి.